లస్మవ్వ ముడిలో మూడు వందల వాట్లు

నమోదు 1

లోతువాడ విద్యుత్ కొలతల చిట్టా. రాయునది: ఉజ్వల, సహాయ కొలతల అధికారిణి. అసలు అధికారి పదవి చాలాకాలంగా ఖాళీ. కాబట్టి నేను సహాయం చేస్తున్నది శూన్యానికి. శూన్యం ఇంతవరకు నా మీద ఫిర్యాదు చేయలేదు, జీతమూ పెంచలేదు.

ఈ వారం పైకెక్కి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచే వంతు మా వరుసది. పొద్దు పొడవకముందే ఎక్కాలి, పొడవకముందే దిగాలి. మా వెనకింటాయన చీపురు మరిచిపోయి పొద్దెక్కాక తిరిగి వెళ్ళాడు. చీపురు దొరికింది. చెప్పుల అడుగులు మాత్రం అక్కడే నేలకు అంటుకుని ఉండిపోయాయి. ఆయన అరికాళ్ళకు వెన్న రాస్తున్నారు.

దిగివచ్చి పంపు దగ్గర కొలత తీశాను: 46 వోల్టులు, 40 ఆంపియర్లు. పోయిన నెలకంటే ఒక వోల్టు తక్కువ. రాయవలసినది రాశాను.

మా ఊరు ఒకప్పటి బొగ్గుబాయి. పైన బతకలేక దిగివచ్చిన మా ముత్తాతలు ఇక్కడే గోడలకు సున్నం కొట్టి కాపురాలు పెట్టారు. సున్నం వెనకాల మాత్రం బొగ్గు బొగ్గుగానే ఉంది. అడుగు నుంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పంపు ఆగితే అడుగువాడ మునుగుతుంది. పంపు మీద ఎర్రరంగుతో ఒక మాట రాసి ఉంది: 40 వోల్టులకు దిగితే ఆగును. ఇది బెదిరింపు కాదు, దాని స్వభావం.

దాని స్వభావంలో ఇంకొకటి ఉంది. పళ్ళెంలో కూర తగ్గితే అన్నం ఎక్కువ లాగించేవాళ్ళు ఉంటారు కదా, కడుపు నిండటం ఒక్కటే వాళ్ళకు లెక్క. ఈ పంపూ అంతే. వోల్టులు తగ్గితే ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. రెండూ గుణిస్తే వచ్చే 1840 వాట్లు మాత్రం వదలదు.

బ్యాటరీ గది నుంచి ఆ పంపు వరకు కరెంటు పెళ్ళిళ్ళ మీదుగా వెళుతుంది. ఇది కవిత్వం కాదు, వైరింగ్. మొదట్లో ఎవరి తీగ వాళ్ళది. పెళ్ళైనప్పుడు పిల్ల తన ఇంటి తీగ కొస పట్టుకుంటుంది, పిల్లవాడు తన ఇంటిది పట్టుకుంటాడు, ఇద్దరూ కలిపి మెలితిప్పి పసుపుబట్ట చుడతారు. దాన్నే ముడి అంటాం. అట్లా ముడి ముడికీ తీగ పెరిగి ఊరైంది. ముడి విప్పితే పెళ్ళి విడిపోయినట్టే. ఆడమనిషి పుట్టింటికి పోవాలి, ఆ ఇల్లు ఉమ్మడి సొత్తుగా వాడకు పోతుంది.

ముడి వెచ్చగా ఉంటే సంసారం వెచ్చగా ఉన్నట్టని ఊరి నమ్మకం. పెళ్ళిచూపులకు వెళ్ళినవాళ్ళు ముందు పిల్ల తల్లిదండ్రుల ముడి మీద చెయ్యి వేసి చూస్తారు, ఆ తరవాతే పిల్లను చూస్తారు. కాలేజీలో నేను చదివిన విద్యుత్ శాస్త్రానికీ ఈ నమ్మకానికీ కొన్ని మనస్పర్థలు ఉన్నాయి. ఇంతవరకు ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టలేదు.

ఊళ్ళోకెల్లా వెచ్చని ముడి మా లస్మవ్వ పెద్దమ్మది. పోయిన ఏడాది ఆమె ఇంటి ముందే పైకప్పు కూలి ఓదెలు పెదనాయన పోయాడు. ఆ మర్నాటి నుంచి వాళ్ళ ముడి వెచ్చబడింది. పెదనాయన ఊపిరి అందులోనే ఉందని ఊరంతా అంటుంది. రోజూ ఎవరో ఒకరు వచ్చి దండం పెట్టుకుని కొత్త పసుపుబట్ట చుట్టి పోతారు. ముడి ఇప్పుడు కుండంత అయింది. పెద్దమ్మ పొద్దున లేచి దాని మీద అరచెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడుతుంది. ఆ తరవాతే పొయ్యి దగ్గరకు వెళుతుంది.

నమోదు 2

పంపు దగ్గర 44 వోల్టులు, 42 ఆంపియర్లు. బ్యాటరీ గదిలో 50 ఉంది. దారిలో ఆరు వోల్టులు తప్పిపోయాయి. పిల్లలైతే మైకులో పిలిపించేదాన్ని.

పంపు చూసేది రాజలింగు. నన్ను చూడగానే లేచి దండం పెట్టాడు, వెటకారంగా.

"ఏమాయె ఇంజినీరమ్మా, నా పంపు మీద మల్ల ఏం కేసు వెట్టినవ్?"

"నీ పంపు ఎక్కువ తాగుతున్నది లింగన్నా."

"తాగుడు మా ఇంటి ఆచారమేనాయె. దానిగ్గూడ అంటుకున్నట్టున్నది."

"నవ్వకు. ఇంకో నాలుగు వోల్టులు పోతే ఆగిపోతది."

అతను నవ్వటం ఆపాడు. అతని ఇల్లు అడుగువాడలో మొదటిది. పంపు ఆగితే మొదట తడిసేది అతని మంచం కాళ్ళే.

జల్లెడ కడగటానికి అతను పంపు ఆపాడు. ఇదే అదనని నేను మీటరు పట్టుకుని బ్యాటరీ గది నుంచి వరుసగా ఇల్లిల్లూ పరుగెత్తాను. ప్రతి ఇంట్లోనూ దీపం దగ్గర కొలిచాను. అన్నిచోట్లా 50. ఎక్కడా ఏమీ పోలేదు. తీగ నిర్దోషి, దోషం పంపుదేనని గంభీరంగా ఒక నివేదిక రాసి కరెంటు పెద్ద గట్టయ్య మామకు ఇచ్చి వచ్చాను. ఆయన కూడా గంభీరంగా చదవకుండా జేబులో పెట్టుకున్నాడు.

అన్నం తింటుంటే ముద్ద నోటి దగ్గరే ఆగింది. పంపు ఆపి కొలిచాను! కరెంటు పారనప్పుడు ఏ ముడి అయినా మంచిదే. రద్దీ లేని రోడ్డును చూసి ఈ ఊళ్ళో ట్రాఫిక్ సమస్య లేదని రాసినట్టుంది నా నివేదిక. తీగలో వోల్టులు పోయేది ఆంపియర్లు నడుస్తున్నప్పుడే. గట్టయ్య మామ జేబు నుంచి ఆ కాగితం తిరిగి తెచ్చుకున్నాను. దానిలో పల్లీలు పొట్లం కట్టి ఉన్నాయి. పల్లీలు ఆయనకే ఇచ్చేశాను.

ఒక సంగతి మరిచిపోకుండా రాయాలి. పంపు తిరిగి మొదలయ్యేటప్పుడు మూలిగింది. ఆ క్షణంలో మీటరు ముల్లు 41కి జారి, ఆలోచించి, పైకి వచ్చింది.

నమోదు 3

ఈసారి పంపు నడుస్తుండగా కొలిచాను. ముడి మీది బట్టకు మీటరు సూది గుచ్చటం అపచారం కాబట్టి ముడిని ముట్టకుండా, ముడికి ఇటువైపు ఇంట్లో ఒకసారి, అటువైపు ఇంట్లో ఒకసారి తీసి, పెద్దదానిలోంచి చిన్నది తీసేయటమే. మీటరు ఒక కొస తీగకు, ఇంకో కొస కిందనున్న పాత ట్రాలీ పట్టాకు. కరెంటు వచ్చేది పెళ్ళిళ్ళ మీదుగా, తిరిగి వెళ్ళేది ఆ పట్టాల మీదుగా.

మొదటి ముడికి పోయింది వోల్టులో పదోవంతు. రెండోదానికి రెండు పదోవంతులు. మూడోదీ అంతే. మూడో ఇంటావిడ నన్ను పక్కకు పిలిచింది.

"మా ముడి సల్లగున్నదని ఊల్లె చెప్పకు బిడ్డా. పిల్లకు సంబంధాలు చూస్తున్నం."

"నీ ముడి బంగారం అత్తా. సల్లగుంటేనే మంచిది."

"నువ్వు పెండ్లి గానిదానివి, నీకేం దెల్సు," అంది. శాస్త్రం అక్కడితో ముగిసింది.

మేముంటున్న తాత ఇంట్లో, అంటే పెద్దమ్మ పుట్టింట్లో, 48.9. నాలుగడుగులు వేసి, ముడి దాటి, పెద్దమ్మ ఇంట్లో పెట్టాను. 44.9.

మీటరు చెడిందనుకున్నాను. చదువుకున్నవాళ్ళ మొదటి ఆశ ఎప్పుడూ అదే. బ్యాటరీ మార్చి చూశాను. తిరిగి మా ఇంటికి, తిరిగి పెద్దమ్మ ఇంటికి. 48.9, 44.9. నాలుగు వోల్టులు ఒక్క ముడిలో.

లెక్క చిన్నది. పోయిన వోల్టులను పారుతున్న ఆంపియర్లతో భాగిస్తే ముడి ఎంత మొండిదో తెలుస్తుంది. గుణిస్తే అది ఎంత మింగుతున్నదో తెలుస్తుంది. నాలుగును నలభై రెండుతో భాగిస్తే 0.095 ఓమ్. చెప్పుకోవటానికి సిగ్గుపడేంత చిన్న అంకె. గుణిస్తే 168 వాట్లు. అది సిగ్గుపడే అంకె కాదు. బొగ్గు గోడకు ఆనించి, గుడ్డలో మూటకట్టి, 168 వాట్ల పొయ్యి వెలిగించి పెట్టుకున్నాం. పైగా దండం పెడుతున్నాం.

పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది.

"ఏమే, ఇంటి లోపలికి బయటికి ఉరుకుతున్నవ్? తిన్నవా?"

"తిన్న పెద్దమ్మా. ముడి కొలుస్తున్న."

"ఎంతున్నది?" కళ్ళల్లో వెలుగుతో అడిగింది. పరీక్షలో కొడుకు మార్కులు అడిగినట్టు.

నూట అరవై ఎనిమిది వాట్లన్నాను. అంటే ఎంతని అడిగింది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు వంద వాట్లని చెప్పాను. భయపెడదామనే చెప్పాను.

"అంటే ఒక మనిషిన్నర?"

"ఇంచుమించు."

"ఆయన మనిషిన్నరే బిడ్డా," అంది మురిసిపోతూ. "తిండి అట్ల తింటుండె."

మీటరు తీగలు చుట్టుకున్నాను. అప్పటికే బయట ముగ్గురు ఆడవాళ్ళు పసుపుబట్టలతో నిలబడి ఉన్నారు.

నమోదు 4

పంపు దగ్గర 42.5 వోల్టులు, 43 ఆంపియర్ల పైన.

గట్టయ్య మామకు చెప్పాను. ఈసారి కాగితం ఇవ్వలేదు, పల్లీలకు పనికొస్తుందని. నోటితోనే చెప్పాను. ముడిలో వేడి పుడితే రాగి నల్లబడుతుంది. నల్లబడితే ఇంకా మొండికేస్తుంది. వోల్టులు తగ్గుతాయి. పంపు ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఆ ఆంపియర్లు ముడిని ఇంకా కాలుస్తాయి. భక్తులు చుట్టే బట్ట ఆ వేడిని బయటికి పోనివ్వదు. ఇది తనను తాను తరుముకునే కుక్క, ఎక్కడా ఆగదు.

ఆయన తల గోక్కున్నాడు. చెడ్డమనిషి కాదు. ఓదెలు పెదనాయన శవాన్ని రాళ్ళ కింద నుంచి తీసినవాళ్ళలో ఆయనొకడు.

"బ్యాటరీ కాడ జెర ఎక్కువ వోల్టులు పెడితె?"

"పెట్టే తావు లేదు మామా. ఉన్నది యాభయ్యే."

"కొత్త పంపు తెస్తె?"

"కొత్తది గూడ ఈ ముడిలకెల్లే తాగాలె."

"అయితె ముడి ఇప్పాలంటవ్." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పొల్లా, ముడి ఇప్పేసుడు సులువే. ఇప్పినంక లస్మవ్వ యాడుంటది? మొగడు లేకపాయె. ముడి గూడ లేకపోతె ఆ ఇల్లు వాడది. నీ ఇంటికి తీస్కపోతవా?"

"తీస్కపోత."

"ఆమె వస్తదా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి గట్టు పెదనాయన కట్టింది. గోడకు సున్నం ఆయన కొట్టింది. ఆమె అక్కడ తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. పోయిన ఏడాది జ్వరం వచ్చినప్పుడు మా ఇంటికి మోసుకువస్తే, తెలివి రాగానే లేచి దుప్పటి కప్పుకుని వెళ్ళిపోయింది.

కనీసం బట్టలైనా ఆపుదామని ముడి దగ్గర బోర్డు పెట్టాను: దయచేసి బట్ట చుట్టవద్దు, వేడి పెరుగుచున్నది. ఇది నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే తెలివితక్కువ పని. వేడి పెరుగుతున్నదట అనే కబురు పూట తెలిపే రెండో సైరన్ మోగేలోపు మూడు వాడలకూ పాకింది. సాయంత్రానికి వరుస నిలబడింది. కొందరు నా బోర్డుకు కూడా బొట్టు పెట్టారు.

నమోదు 5

41 వోల్టులు, 45 ఆంపియర్లు. ఇంకొక్క వోల్టు.

మా ఇంట్లో, పెద్దమ్మ ఇంట్లో కొలిచాను. ముడి మింగుతున్నది 6.8 వోల్టులు. నలభై ఐదుతో భాగిస్తే 0.15 ఓమ్. గుణిస్తే 306 వాట్లు.

వాట్లకంటే ముందు నన్ను ఆపింది వాసన. గ్యాసునూనె డబ్బా మూత తీసినట్టు సన్నగా. ముడి వెనకాల సున్నం మీద చెమట పట్టింది. బాయిలో పుట్టిపెరిగిన ఏ పిల్లకైనా ఆ రెండూ ఏమిటో చెప్పనక్కర్లేదు. బొగ్గు లోపల వేడెక్కుతున్నప్పుడు గోడకు చెమట పడుతుంది, గాలికి ఆ వాసన వస్తుంది. ఆ తరవాత వచ్చేదాన్ని చూసినవాళ్ళెవరూ చెప్పటానికి మిగలరు.

పెద్దమ్మ ముడి దగ్గరే పీట వేసుకుని కూర్చుని ఉంది. కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది. నన్ను చూడగానే ఆ చెయ్యి కొంగు కిందికి పోయింది.

"చెయ్యి చూపెట్టు."

"ఏం లేదు. పొయ్యి కాడ సురుక్కుమన్నది."

గుంజి చూశాను. అరచేతి నిండా బొబ్బ. పొయ్యి అరచేతిని కాల్చదు, వేళ్ళను కాలుస్తుంది.

"పెద్దమ్మా, మూడు వందల ఆరు వాట్లు. ముగ్గురు మనుషుల వేడి. పెదనాయన ఒక్కడే గద. మిగతా ఇద్దరెవరు?"

"నగుతున్నవా?"

"నగుతలేను."

నిజంగానే నవ్వటం లేదు. ఆమె నా ముఖం చూసి అది గ్రహించింది. చిన్నప్పటి నుంచీ నా ముఖం ఆమెకు బాగా తెలుసు.

"అది పంపు వేడి. పెదనాయిన కాదు. గోడ వాసన చూడు. అంటుకుంటది."

"నీ మీటరు వచ్చి ఎన్నొద్దులాయె?" చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఆయన పోయిన తెల్లారి ఈ ముడి మీద చెయ్యివెట్టిన. వెచ్చగుండె. అంతకుముందు ఇరువై ఏండ్లు సల్లగనే ఉండె. ఆ తెల్లారే ఎందుకు వెచ్చగైంది? చెప్పు. చదువుకున్నవు గద."

దీనికి జవాబు నా దగ్గర ఉంది. ఆ లెక్క ఎప్పుడో చేసి, చిట్టాలో రాయకుండా దాచుకున్నాను.

"పైకప్పు కూలినప్పుడు రాళ్ళు తీగను గుంజినయ్ పెద్దమ్మా. ముడి వదులైంది. ఆ రోజుసందే."

నేను అడుగువాడకు పరుగెత్తాను.

"లింగన్నా, పంపు ఆపు."

"పిచ్చి లేసిందా? మొన్న ఆపితెనే లేవనని మొత్తుకున్నది. ఇప్పుడు ఆపితె మల్ల లేవది."

నిజమే. మొదలయ్యేటప్పుడు పంపు నడిచేటప్పటికంటే చాలా ఎక్కువ లాగుతుంది. ఈ ముడి ఉండగా అంత లాగితే 40 కిందికి పడిపోతుంది, పంపు తనంతట తానే ఆగిపోతుంది. ముడి బాగుపడితే తప్ప అది తిరిగి లేవదు. అంటే ఆపటమంటే వెనక్కి దారి లేకుండా చేసుకోవటమే. గట్టయ్య మామను అడగాలి. అడిగితే వద్దంటాడు.

"తెలుసు. అయినా ఆపు. పిల్లల్ని పైవాడకు పంపు."

రాజలింగు నన్ను చూశాడు, పంపును చూశాడు. మొదటిసారి వెటకారం లేకుండా, "ఉజ్వలా, నా ఇల్లే ఫస్టు మునిగేది," అన్నాడు. అని, మీట కిందికి లాగాడు.

మొన్న జల్లెడ కడిగినప్పుడు పరుగు హడావిడిలో పట్టించుకోలేదు కానీ, పంపు ఆగితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు విన్నాను. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉన్న చప్పుడు అది. అది పోగానే నీటి చప్పుడు వినిపించింది.

నమోదు 6

తీరిక దొరికాక రాస్తున్నాను.

పరుగెత్తి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. పంపు ఆపించానని చెప్పాను.

"ఇప్పుడు ముడిలకెల్లి దీపాల కరెంటు తప్ప ఏం పోతలేదు. పెదనాయినే అయితె వేడి ఇట్లనే ఉంటది. చెయ్యి పెట్టు."

ఇంత క్రూరమైన ప్రయోగం కాలేజీలో ఎవరూ నేర్పలేదు. దీన్ని నేనే కనిపెట్టాను, గొప్పగా చెప్పుకోను.

ఆమె ఎడమచెయ్యి పెట్టింది. ఉలిక్కిపడి తీసింది. కొంగు మడతపెట్టి మళ్ళీ పెట్టింది. బట్టలు అన్ని మడతలు ఉన్నాయి కదా, వేడి వెంటనే పోదు. కూర్చున్నాం. అడుగువాడ నుంచి మనుషులు మంచాలు, చెంబులు, కోళ్ళగంప మోసుకుని మా ముందు నుంచే పైకి పోతున్నారు. ఒక ముసలాయన ఆగి, "పంపెందుకు ఆగిందే?" అన్నాడు. నేను చెప్పలేదు. పెద్దమ్మ చెప్పింది.

"నేనే ఆపిచ్చిన తాతా. నువ్వు నడువు."

కొద్దిసేపటికి కొంగు తీసేసి ఒట్టి చెయ్యి పెట్టింది. ఇంకొద్దిసేపటికి చెయ్యి నొక్కింది. తరవాత రెండోచేతి గుడ్డ విప్పి, ఆ కాలిన చెయ్యి కూడా పెట్టింది. రెండు చేతులతో ముడిని పట్టుకుని, చెవి ఆనించి, చాలాసేపు అట్లాగే ఉంది. నేను గోడ చెమట చూస్తూ కూర్చున్నాను. అది ఆరుతున్నది. దాన్ని చూసి సంతోషించాలో వద్దో తెలియలేదు.

"సల్లబడ్డది," అంది.

"అవును."

"ఇన్నొద్దులు పంపుకు ముచ్చట చెప్పుకున్ననా?"

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, బ్యాటరీ గది వైపు చెయ్యి ఊపింది.

"పోయి కరెంటు బంద్ చేసి రా. మునిగినంక ఇప్పుదామా ఏంది?"

పెద్ద మీట దించి వచ్చేసరికి వాడంతా చీకటి. టోపీ దీపాలు ఒక్కొక్కటే మా వైపు వస్తున్నాయి. పెద్దమ్మ అప్పటికే బట్టలు విప్పుతున్నది. పైవి పసుపు. వాటి కిందివి గోధుమరంగు. ఇంకా కిందివి నల్లగా, ముట్టుకుంటే రాలిపోయాయి. అన్నిటికన్నా అడుగున, పెళ్ళినాడు వాళ్ళిద్దరూ చుట్టిన బట్ట ఉండవలసిన చోట, బూడిద మాత్రమే ఉంది. ఆమె దాన్ని ఊదలేదు. వేలితో తుడిచి కొంగు కొసకు కట్టుకుంది.

రాగి నల్లగా, అక్కడక్కడా పచ్చ తుప్పుతో ఉంది. మెలికలు నిజంగానే వదులు. పట్టకారుతో లాగగానే రెండు తీగలూ విడిపోయాయి. గుంపులో ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది.

గట్టయ్య మామ గుంపును తోసుకుని వచ్చాడు.

"ఎవరిని అడిగి ఇప్పిన్రు?"

"నన్నడిగి," అంది పెద్దమ్మ.

"లస్మవ్వా, రేపు పంచాయితి కూసుంటది. ఇల్లు వాడకు పోతదని తెలుసా నీకు?"

"ఇప్పి వదిలిపెడితె పోతది. కట్టుకుంటె ఎట్ల పోతది?"

నేను ఆకురాయితో రాగి కొసలు గీస్తూనే ఉన్నాను. కింద నుంచి రాజలింగు కేక వేశాడు: "మోకాల్లదాక!"

"కట్టుడంటె రెండిండ్ల చేతులుండాలె," అన్నాడు గట్టయ్య మామ. గొంతులో కోపంకంటే ఇబ్బంది ఎక్కువగా ఉంది. "ఓదెలు ఇంట్ల మనిషి లేడు. ఆ కొస ఎవలు పట్టుకుంటరు?"

పెద్దమ్మ వంగి, మా ఇంటి వైపు నుంచి వచ్చిన కొస ఎడమచేత్తో తీసుకుంది.

"ఈ ఇంట్ల పుట్టింది నేను."

కాలిన కుడిచేత్తో రెండో కొస తీసుకుంది. బొబ్బ మీద రాగి తగిలి ముఖం ముడుచుకుంది కానీ వదల్లేదు.

"ఈ ఇంట్ల ఇరువై ఏండ్లు వండి పెట్టింది, సున్నం కలిపింది, పీనుగను లేపింది నేను. ఆ ఇంటి మనిషిని గాకపోతె ఇన్నేండ్లు ఏ ఇంటి మనిషిని గట్టయ్యా? సూడు, రెండు చేతులు. రెండిండ్లు. ఏం తక్కువైందో చెప్పు."

గట్టయ్య మామ నోరు తెరిచాడు. రూలు వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. మా ముత్తాతలు ఎన్నో రాసిపెట్టారు కానీ, రెండు కొసలూ ఒక్కతే పట్టుకుంటుందని వాళ్ళకెన్నడూ తట్టి ఉండదు. కింద నుంచి ఇంకో కేక వచ్చింది: "తొడలదాక!" ఆయన నోరు మూసుకున్నాడు. టోపీ తీసి, దాని దీపం సరిగ్గా ఆమె చేతుల మీద పడేట్టు పట్టుకున్నాడు.

"తొందరగ కానియ్యుండ్రి," అన్నాడు.

మెలితిప్పబోతుంటే నేను ఆపాను. పాత మోటారులోంచి తీసిన రాగి బిగింపు, రెండు బోల్టులు జేబులో ఉన్నాయి. కొసలు రెండూ దానిలో దూర్చాం. స్పానరు నేను తిప్పబోతే లాక్కుంది. కాలిన చేత్తోనే తిప్పింది, ఒక్కొక్క బోల్టూ కీచుమనేదాకా. పసుపుబట్ట ఎవరో అందించారు. వద్దంది.

బ్యాటరీ గదికి పరుగు. మీట ఎత్తాను. దీపాలు వచ్చాయి. అడుగువాడకు పరుగు. రాజలింగు తొడల్లోతు నీళ్ళల్లో పంపు మీట పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని మంచం తేలుతూ తలుపుకు కొట్టుకుంటున్నది.

"లేస్తదంటవా?"

"లేవకపోతె నేను ఈతైనా నేర్చుకుంట."

పైకి లాగాడు. పంపు మూలిగింది. ముల్లు 46కు జారింది. అక్కడ ఆగింది. తరవాత మెల్లగా ఎక్కి 48 దగ్గర నిలబడింది. ఆంపియర్లు 38 మీద కొంచెం. చెవుల్లోకి ఆ పాత చప్పుడు తిరిగి వచ్చింది. రాజలింగు నీళ్ళల్లోనే కూలబడి ఏడ్చాడు. నేను చూడనట్టు మీటరు చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడిక కొత్త ముడి కొలత. బట్ట లేదు కాబట్టి మీటరు సూదులు నేరుగా రాగికే ఆనించాను. వోల్టులో నూరోవంతులు నాలుగు. దాన్ని 38తో భాగిస్తే ఓమ్‌లో వెయ్యోవంతు. గుణిస్తే ఒకటిన్నర వాట్లు.

పెద్దమ్మ పీట మీద కూర్చుని ఉంది. చేతికి వెన్న రాసి కొత్త గుడ్డ కట్టారు. గుంపు ఎవరి తడి సామాను వాళ్ళు తీసుకుని దిగిపోయింది. గట్టయ్య మామ పోతూ పోతూ, పంచాయితీ ఎప్పుడని ఎవరో అడిగితే, "ఏం పంచాయితి? ముడి ఉన్నది గద," అని కసిరాడు.

ఆమె ఎడమచెయ్యి చాపి బిగింపు మీద పెట్టింది.

"కరెంటు పోతున్నదా దీనిలకెల్లి?"

"పోతున్నది. పంపంత కరెంటూ దీన్లకెల్లే."

"ఏం తెలుస్తలేదు."

"తెలువొద్దు పెద్దమ్మా. ఎంత సల్లగుంటె ముడికి అంత మంచిది."

"ముడికి మంచిదే." చెయ్యి ఇంకా తీయలేదు. "నాకు మంచిగ లేదు. అలవాటైతది."

కాసేపటికి లేచి, స్పానరు నడుముకు దోపుకుని, పొయ్యి వెలిగించటానికి ఇంట్లోకి వెళ్ళింది. అది ప్రభుత్వ స్పానరు. తిరిగి అడగలేదు. పోయినట్టు చిట్టాలో రాశాను.